వాన ఆపని ఆట

మన ఊళ్లలో ఆట అంటే ముందు క్రికెట్టే. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరుగుతుండగా నాలుగు చినుకులు రాలాయంటే అంపైర్లు బెయిల్స్ తీసేస్తారు, సిబ్బంది పరుగున వచ్చి పిచ్ మీద కవర్లు కప్పేస్తారు, ఆటగాళ్లు లోపలికి వెళ్లిపోతారు. అలా చూసి అలవాటైనవాళ్లకు గోల్ఫ్ సంగతి చెబితే ఓ పట్టాన నమ్మరు. గోల్ఫ్ పోటీలో వాన ఆటను ఆపదు. స్ట్రోక్స్, అంటే కొట్టిన దెబ్బలు, లెక్కించే పోటీలో వాన పడుతోందని ఆటగాడు తనంతట తాను ఆట మానేస్తే అతన్ని పోటీ నుంచి తొలగిస్తారు. ఆపమని చెప్పాల్సింది పోటీ నడిపే కమిటీ. దీనికి ఉన్న మినహాయింపుల్లో పెద్దది పిడుగు. పిడుగుపాటు ప్రమాదం ఉందని తోస్తే ఆటగాడు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా ఆపేయవచ్చు.

అంటే కష్టానికి ఒక నియమం, ప్రాణాపాయానికి మరో నియమం. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవడమే వానలో గోల్ఫ్ ఆడేవాళ్లు నేర్వవలసిన మొదటి పాఠమని నా నమ్మకం. ఈ పూట ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

గోల్ఫ్ పరిచయం లేని శ్రోతల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. నేను మాట్లాడేది ఔత్సాహికుల పోటీ గురించి. టీవీలో కనిపించే ప్రొఫెషనల్స్ కోట్ల రూపాయల కోసం ఆడతారు. ఔత్సాహికులు అలా కాదు. ఉద్యోగులు, డాక్టర్లు, వ్యాపారులు, రిటైరైన సైనికాధికారులు, కాలేజీ పిల్లలు ఆదివారం తెల్లవారుజామునే వచ్చి ముగ్గురో నలుగురో కలిసి బయలుదేరతారు. పద్దెనిమిది హోల్స్ ఆడి, సంతకాలు పెట్టిన కార్డు అప్పగించి ఇంటికి పోతారు. నాలుగు గంటలకు పైగా నడక, ఏడెనిమిది కిలోమీటర్ల దూరం. ఆటగాడి స్థాయిని బట్టి హ్యాండిక్యాప్ అని ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని స్కోరులోంచి తీసేస్తారు కాబట్టి కొత్తగా నేర్చుకున్నవాడు కూడా ఆరితేరినవాడితో పోటీ పడవచ్చు. అంపైరు వెంట ఉండడు. మీ స్కోరు రాసేది మీతో కలిసి ఆడుతున్న మనిషే. అతని స్కోరు మీరు రాస్తారు. చివర ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఏదైనా హోల్‌లో కొట్టిన దెబ్బల కన్నా తక్కువ సంఖ్య రాసి కార్డు ఇచ్చేస్తే పోటీలోంచి తీసేస్తారు. ఎక్కువ రాసి ఇస్తే ఆ ఎక్కువే ఖాయమవుతుంది. వానకు కార్డు తడిసి పెన్సిల్ గీత కనబడని రోజున ఈ నియమం ఎంత బరువైనదో ఆడినవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు ఈ ఆట పెరిగిన చోటికి వెళ్దాం. స్కాట్లాండ్ తూర్పు తీరాన సముద్రానికీ పంట పొలాలకూ మధ్య ఇసుక దిబ్బల నేల ఉంటుంది. సేద్యానికి పనికిరాదు, గొర్రెలు మేస్తాయి. అక్కడే శతాబ్దాలుగా గోల్ఫ్ ఆడుతున్నారు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ అలాంటి నేలే. ఇసుక నేల కావడంతో ఎంత వాన కురిసినా నీరు త్వరగా ఇంకిపోతుంది. వాన పడితే ఆట ఆపాలన్న ఆలోచన ఆ నేల మీద పుట్టకపోవడానికి ఇదొక కారణం. చెట్లు ఉండవు, గాలికి అడ్డేమీ లేదు. పొద్దున ఎండ, పదింటికి చినుకు, మధ్యాహ్నం ఈదురుగాలి, సాయంత్రం మళ్లీ ఎండ, అంతా ఒకే రోజులో. గాలీ వానా లేకపోతే అది గోల్ఫే కాదని స్కాట్లాండ్ వాళ్లు అంటారు. ఆ మాట అక్కడ నడిచి చూసినవాళ్లకు అతిశయోక్తిగా అనిపించదు.

ఔత్సాహికుల ఆటకూ గాలికీ ఉన్న చుట్టరికం చెప్పాలంటే నాకు ముందుగా గుర్తొచ్చేది 1930. ఆ ఏడాది మే నెలలో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ జరిగింది. అమెరికా నుంచి బాబీ జోన్స్ వచ్చాడు. అట్లాంటా నగరంలో లాయరు. ప్రపంచంలో అతన్ని మించిన ఆటగాడు లేడని అందరూ ఒప్పుకున్న కాలంలో కూడా ఔత్సాహికుడిగానే ఉన్నాడు, డబ్బు కోసం ఆడలేదు. పెద్ద పోటీలన్నీ గెలిచాడు గాని ఈ ఒక్కటి మాత్రం అప్పటికి అందలేదు. నాలుగో రౌండ్‌లో అతనికి ఎదురుపడ్డవాడు సిరిల్ టోలీ. అంతకు ముందు సంవత్సరం ఇదే పోటీ గెలిచిన ఇంగ్లండ్ ఆటగాడు, బంతిని చాలా దూరం కొట్టగల బలశాలి.

ఆ రోజు గాలి విపరీతంగా వీచింది. మ్యాచ్ ప్లే పద్ధతిలో హోల్ హోల్‌కూ గెలుపోటములు లెక్కిస్తారు. ఎంత పోరాడినా ఇద్దరిలో ఎవరూ రెండోవారిని వదిలించుకుని ముందుకు పోలేకపోయారు. పద్దెనిమిది హోల్స్ అయ్యేసరికి ఇద్దరూ సమానం. పంతొమ్మిదో హోల్‌కు వెళ్లారు. అక్కడ గ్రీన్ మీద, అంటే రంధ్రం చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, జోన్స్ బంతి టోలీ బంతికీ రంధ్రానికీ మధ్య అడ్డంగా ఆగింది. ఆ రోజుల్లో ఎదుటివాడి బంతిని పక్కకు తీయించే వీలు లేదు, అడ్డం ఉంటే చుట్టూ తిప్పి కొట్టుకోవాల్సిందే. ఆ నియమాన్ని 1952 నుంచి ఎత్తేశారు. అలా జోన్స్ గట్టెక్కాడు. తర్వాత ఫైనల్లో రోజర్ వెథెరెడ్‌ను సునాయాసంగా ఓడించి ట్రోఫీ అందుకున్నాడు. అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్, యూఎస్ ఓపెన్, యూఎస్ అమెచ్యూర్ కూడా గెలిచి, ఇరవై ఎనిమిదేళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. గోల్ఫ్ చరిత్రలో ఇప్పటికీ చెప్పుకునే ఆ నాలుగు విజయాల పరంపర, ఈదురుగాలిలో ఒక ఔత్సాహికుడితో జరిగిన ఆ పోరులో పంతొమ్మిదో హోల్ దగ్గర తెగిపోవలసింది.

జోన్స్ మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. 1925 యూఎస్ ఓపెన్‌లో ఏపుగా పెరిగిన గడ్డిలో బంతిని కొట్టబోతుండగా అది కాస్త కదిలింది. మరెవరూ చూడలేదు. తానే చెప్పి ఒక స్ట్రోక్ జరిమానా వేసుకున్నాడు. చివరికి స్కోర్లు సమానమై, ప్లేఆఫ్‌లో టైటిల్ విల్లీ మెక్‌ఫార్లేన్‌కు పోయింది. గాలివానలో ఈ ప్రశ్న ప్రతి ఆటగాడి ముందుకూ వస్తుంది. బంతి కదిలింది, నేను కదిల్చానా, గాలి కదిల్చిందా? గాలి కదిలిస్తే జరిమానా లేదు, బంతి ఎక్కడికి పోతే అక్కణ్నుంచి ఆడాలి. గ్రీన్ మీద ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టిన బంతి అయితే మాత్రం గాలికి దొర్లినా తిరిగి పాత చోటే పెట్టాలని 2019 నుంచి నియమం. ఎవరు కదిల్చారన్నది చెప్పవలసింది ఆటగాడే. పక్కనున్నవాడు గొడుగు కింద తల దాచుకుని అటు చూస్తుంటాడు. అంత నమ్మకం మనిషి మీద పెట్టిన ఆటలు తక్కువ.

ఇప్పుడొక డాక్టరుగారి గురించి చెప్పాలి. వానలో గోల్ఫ్ ఆడే ప్రతి ఔత్సాహికుడూ ఆయనకు రుణపడి ఉన్నాడు. పేరు ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్. ఇంగ్లండ్ వాయవ్యాన, లివర్‌పూల్‌కు నది అవతల వాలసీ అనే ఊరుంది. అక్కడి గోల్ఫ్ క్లబ్బు సముద్రపు గాలికి ఎదురొడ్డి నిలిచిన ఇసుక దిబ్బల మీద ఉంటుంది. గాలి బలంగా ఉన్న రోజున పొడవైన హోల్స్‌లో మామూలు ఆటగాళ్ల బంతి లెక్క ప్రకారం చేరవలసిన దెబ్బల్లో గ్రీన్ చేరేది కాదు. రెండు మూడు హోల్స్‌లో ఎనిమిదులూ తొమ్మిదులూ పడేసరికి, ఇంకేం గెలుస్తాంలే అని కార్డు చించేసి నడిచి వచ్చేసేవారు. డాక్టరుగారికి అది బాధ కలిగించింది. ఒక్క హోల్ చెడినంత మాత్రాన మొత్తం రోజు ఎందుకు పాడవాలి?

ఆయన ఆలోచన సులువైంది. దెబ్బలు కూడకుండా ప్రతి హోల్‌కూ పాయింట్లు ఇద్దాం. హ్యాండిక్యాప్ లెక్కలోకి తీసుకున్నాక పార్, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య, సాధిస్తే రెండు పాయింట్లు, ఒకటి ఎక్కువైతే ఒక పాయింటు, ఒకటి తగ్గిస్తే మూడు, రెండు తగ్గిస్తే నాలుగు. రెండు లేదా అంతకన్నా ఎక్కువైతే సున్నా, అంతే. సున్నా కన్నా కిందికి పోయేది లేదు. బంతి ఎత్తుకుని తర్వాతి హోల్‌కు నడవండి, అక్కడ మళ్లీ మొదలుపెట్టండి. ఇలాంటి ప్రయోగం ఆయన 1898లోనే వేల్స్‌లోని గ్లామోర్గన్‌షైర్ క్లబ్బులో ఒకసారి చేసి చూశాడు. అప్పుడది నిలవలేదు. 1932 మే 16న వాలసీలో కొత్త రూపంలో పోటీ పెట్టారు. ఇవాళ ప్రపంచమంతటా ఎన్నో క్లబ్బు పోటీలు ఈ పద్ధతిలో నడుస్తున్నాయి. మన హైదరాబాద్‌లో కూడా నెలవారీ పోటీ నోటీసులో స్టేబుల్‌ఫోర్డ్ అన్న పేరు చూస్తాం. ఆ పేరు వెనక ఒక గాలిదుమారపు తీరం, తోటి ఆటగాళ్ల నిరాశను చూసి ఊరుకోలేని ఒక వైద్యుడు ఉన్నారని చాలామందికి తెలియదు.

కార్డు చించేయడం గురించి నా అభిప్రాయం కూడా చెప్పనివ్వండి. అది తప్పు. మీతో వచ్చిన ఇద్దరు ముగ్గురు అదే వానలో తడుస్తూ ఆడుతున్నారు. మీరు వెళ్లిపోతే వాళ్ల కార్డు రాసే మనిషి ఉండడు, ఆట లయ చెడుతుంది. ఇంకో సంగతి, 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో ఆ రోజు వాతావరణాన్ని లెక్కలోకి తీసుకునే ఏర్పాటు ఉంది. ఆ రోజు కార్డు ఇచ్చిన వాళ్లందరి స్కోర్లనూ వాళ్ల మామూలు స్థాయితో పోల్చి చూస్తారు. అందరూ బాగా వెనకబడితే కోర్సు ఆ రోజు కష్టంగా ఉందని తేల్చి మూడు స్ట్రోక్స్ దాకా సర్దుబాటు చేస్తారు. అందుకు కనీసం ఎనిమిది కార్డులు కావాలి. సగం మంది మధ్యలో పోతే ఆ లెక్క ఎక్కణ్నుంచి వస్తుంది? వానలో తొంభై ఎనిమిది కొట్టి కార్డు ఇచ్చినవాడు తన ఒక్కడికే కాక మొత్తం క్లబ్బుకు మేలు చేసినట్టు.

పెద్ద ఆటగాళ్ల నుంచి దీనికి ఉదాహరణ కావాలంటే 2002 జులై. స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్. ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచి వచ్చిన టైగర్ వుడ్స్ శనివారం ఆటకు దిగేసరికి అగ్రస్థానానికి రెండే స్ట్రోక్స్ దూరంలో ఉన్నాడు. చలిగాలితో కలిసి జడివాన కమ్ముకుంది. టైగర్ ఆ రోజు 81 కొట్టాడు. ప్రొఫెషనల్‌గా అప్పటికి అతని అతి చెడ్డ స్కోరు అది. ముందు రోజు 64 కొట్టిన కోలిన్ మాంట్‌గమరీ 84 కొట్టాడు. అదే వానలో ఎర్నీ ఎల్స్ 72తో బయటపడి, మర్నాడు ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఇందులో నాకు గొప్పగా తోచేది టైగర్ ఆదివారం చేసిన పని. టైటిల్ మీద ఆశ పోయింది, మేజర్లనే నాలుగు పెద్ద పోటీలనూ ఒకే ఏడాదిలో గెలవాలన్న కలా పోయింది. అయినా వచ్చి 65 కొట్టాడు. పోయిన ఆటను పక్కన పెట్టి ముందున్న బంతిని చూడగలగడం అంటే అది.

ఇక ఆడే పద్ధతి సంగతి. వానలో గెలిచేది తువ్వాలు అని పాత ఆటగాళ్లు చెప్తారు, నేనూ అదే చెప్తాను. బంతిని కొట్టే కర్రను కూడా క్లబ్బు అనే అంటారు, దాని పిడి తడిస్తే చేతిలోంచి జారుతుంది. జారుతుందని గట్టిగా పట్టుకుంటే భుజాలు బిగుసుకుంటాయి, దాంతో ఊపు పోతుంది. అందుకని ఒక తువ్వాలు గొడుగు లోపలి కమ్మీలకు వేలాడదీయాలి, అది పిడులు తుడవడానికే. బ్యాగ్ అడుగున ఇంకోటి పొడిగా దాచాలి. బురద తుడవడానికి వేరే గుడ్డ. తోలు గ్లవ్స్ అయితే రెండు మూడు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మారుస్తూ ఉండాలి. వాన కోసం ప్రత్యేకంగా చేసిన గ్లవ్స్ ఉంటాయి, అవి తడిసినకొద్దీ పట్టు పెరుగుతుంది, రెండు చేతులకూ వేసుకోవాలి. కొట్టే ముందు ఆఖరి క్షణం దాకా క్లబ్బు గొడుగు కిందే ఉండాలి.

గాలి విషయంలో చాలామందికి కలిగే కోరిక ఒకటే, ఎదురుగాలి ఉంది కదా, ఇంకా బలంగా కొడదామని. బలంగా కొట్టినకొద్దీ బంతి వెనక్కి గిరగిరా తిరుగుతుంది. ఆ స్పిన్ వల్లే బంతి పైకి లేస్తుంది. ఎదురుగాలి ఆ లేపడాన్ని ఇంకా పెంచుతుంది. దాంతో బంతి నిటారుగా ఆకాశంలోకి పోయి, అక్కడే ఆగి, ముందున్న గడ్డిలో పడుతుంది. చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నూట నలభై గజాల దెబ్బకు మామూలుగా ఎనిమిదో నంబరు క్లబ్బు తీసేవాళ్లు ఆరో నంబరు తీయాలి, బంతిని కాస్త కుడి పాదం వైపు పెట్టుకోవాలి, పిడిని కొంచెం కిందికి పట్టుకుని ముప్పాతిక ఊపుతో నిదానంగా కొట్టాలి. ఆటగాడి బ్యాగ్ మోసే క్యాడీ అనుభవమున్నవాడైతే ఈ మాట రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. "సార్, గాలి ఎదురుంది. ఆరు తీస్కోండి, మెల్లగ కొట్టండి." అది విన్నవాళ్లు బాగుపడతారు. మరొకటి కూడా గుర్తుంచుకోవాలి, ఎదురుగాలి చేసే నష్టమంత లాభం వెనకగాలి చేయదు.

తడి నేల మీద బంతి పడిన చోటే ఆగిపోతుంది, దొర్లుడు ఉండదు. క్లబ్బుకూ బంతికీ మధ్య నీటి పొర చేరితే స్పిన్ తగ్గి ఎక్కడికి పోతుందో చెప్పడం కష్టమవుతుంది. కనుక సాహసాలు మానుకుని గ్రీన్ మధ్యకు కొట్టాలి. గ్రీన్ మీద పుట్ నెమ్మదిస్తుంది, వంపు తగ్గుతుంది, కాబట్టి రంధ్రం దాటేలా ధైర్యంగా కొట్టాలి. బంకర్‌లో తడి ఇసుక గట్టిపడుతుంది, క్లబ్బు తగిలి ఎగిరిపడుతుంది, ఎండ రోజున కొట్టినట్టు కొడితే బంతి గ్రీన్ దాటి అవతలికి పోతుంది.

నియమాలు ఆటగాణ్ని వానలో ఒంటరిగా వదిలేయవు, కొంత ఊరట ఇస్తాయి. బంతి నిలువ నీటిలో ఉన్నా, నిలబడవలసిన చోట నీరు పైకి కనబడుతున్నా జరిమానా లేకుండా దగ్గర్లో పొడి చోటు చూసుకుని, హోల్‌కు దగ్గర కాకుండా, ఒక క్లబ్బు పొడవు లోపల వదలవచ్చు. గ్రీన్ మీద ఉన్న బంతికీ రంధ్రానికీ మధ్య నీరు నిలిచినా జరిమానా లేకుండా బంతిని జరిపి పెట్టుకోవచ్చు. ఫెయిర్‌వేలోనో పక్క గడ్డిలోనో పడిన బంతి మెత్తటి నేలలో తన గుంటలో తానే కూరుకుపోతే తీసి తుడుచుకుని పక్కనే వదలవచ్చు. బంకర్‌లో నీరు చేరితే బంకర్ లోపలే ఉచితంగా జరుపుకోవచ్చు, బయటికి తీసుకురావాలంటే ఒక స్ట్రోక్ చెల్లించాలి. గొడుగు గురించి ఒక చిత్రమైన నియమం ఉంది. ఆటగాడు తన గొడుగు తానే ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో కొట్టవచ్చు. బంతి కొట్టే సమయంలో క్యాడీ ఆయన మీద గొడుగు పట్టకూడదు, పడితే జరిమానా. రంధ్రం చుట్టూ నీరు నిలిచి ఆడే వీలే లేకపోతే అప్పుడు కమిటీ ఆట ఆపుతుంది. అప్పటిదాకా నడవాల్సిందే.

మన నేల వేరు, మన వాన వేరు. స్కాట్లాండ్ వాన చలిది, రోజంతా సన్నగా పడుతుంది. మనది వెచ్చనిది, అరగంటలో చెరువులు చేసి పోతుంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా గోడల మధ్య ఉన్న కోర్సులో జులై, ఆగస్టు నెలల్లో ఆడటం ఒక గొప్ప అనుభూతి. ఆ కోర్సు పక్కనే కుతుబ్‌షాహీల కాలం నుంచి నిలిచిన ఏనుగు చెట్టు, అంటే బావోబాబ్ ఉంది. గడ్డి పచ్చగా మెరుస్తుంది, గాలి శుభ్రంగా ఉంటుంది. మోస్తరు వానకు భయపడి ఆ రోజుల్లో ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు. విశాఖపట్నంలో సముద్రపు గాలి, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరంలో చెట్లను ఎలా కూల్చిందో చూసినవాళ్లకు గాలితో పరాచికాలు ఆడకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

మనకు అసలు ప్రమాదం తుపాను కన్నా చిన్నదిగా కనిపించే మేఘంలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ మండి, నాలుగింటికి పడమట నల్లగా లేస్తుంది. ఇంకా చినుకు కూడా పడదు, ఉరుము వినపడుతుంది. ఇంకో రెండు హోల్స్ ఉన్నాయి, ముగించేద్దాం అనిపిస్తుంది. ఆ రెండు హోల్స్ ఆడకూడదు. పిడుగు మేఘం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలో కూడా పడగలదు. మైదానంలో ఎత్తుగా నిలిచింది మీరు, మీ చేతిలో లోహపు క్లబ్బు, నెత్తిన గొడుగు.

1975లో అమెరికాలో వెస్ట్రన్ ఓపెన్ జరుగుతుండగా లీ ట్రెవినో, బాబీ నికోల్స్, జెర్రీ హెర్డ్ పిడుగుపాటుకు గురయ్యారు. ముగ్గురూ బతికారు గాని ట్రెవినోకు వెన్ను ఆపరేషన్ అవసరమైంది. 1991లో హేజెల్‌టీన్‌లో యూఎస్ ఓపెన్ చూడటానికి వచ్చినవాళ్లు చెట్టు కింద తలదాచుకుంటే పిడుగు పడి ఒకరు ప్రాణం కోల్పోయారు. అదే ఏడాది పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో మరొకరు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ప్రతి ఏడూ పొలాల్లో, చెట్ల కింద పిడుగులకు రైతులు, కూలీలు, గొర్రెల కాపర్లు చనిపోతున్నారు. గోల్ఫ్ మైదానం కూడా పొలం లాంటి బయలే.

అందుకే ఇక్కడ నియమం కఠినం. ఒకే ఒక్క దీర్ఘమైన సైరన్ మోగిందంటే ప్రమాదం ఉందని అర్థం. ఆ క్షణమే ఆపాలి, పుట్ రంధ్రం అంచున ఉన్నా కొట్టకూడదు. కొడితే పోటీ నుంచి తొలగింపే. వరుసగా మూడు కూతలు మోగుతూ ఉంటే మామూలు నిలుపుదల, మొదలుపెట్టిన హోల్ ముగించుకోవచ్చు. రెండేసి చిన్న కూతలు మోగితే మళ్లీ ఆట మొదలు. బంతి ఉన్న చోట గుర్తు పెట్టి ఎత్తుకు రావచ్చు, తర్వాత అక్కడే పెట్టి ఆడవచ్చు, పోయేదేమీ లేదు. చెట్టు కింద, పైకప్పు మాత్రమే ఉన్న షెడ్డులో, తెరిచి ఉన్న గోల్ఫ్ కార్టులో భద్రత లేదు. పక్కా భవనంలోకో, మూసిన కారులోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట ఆగాలి.

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ ఆడిన ఆఖరి రౌండ్ చాలామంది శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. మూడు రౌండ్ల తర్వాత ఆమె రెండో స్థానంలో ఉంది. తుపాను వస్తోందని ఆట ముందుకు జరిపారు, చివర్లో మెరుపుల వల్ల దాదాపు ముప్పావు గంట ఆపారు కూడా. ఆ రౌండ్ రద్దయి ఉంటే మనకు పతకం వచ్చేది. ఆట మళ్లీ సాగింది, ఒక్క స్ట్రోక్ తేడాతో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. ప్రమాదం ఉన్నంతసేపు ఆపారు, తప్పగానే ఆడించారు. ఆట పద్ధతి అలాగే ఉండాలి.

చివరగా నేను చెప్పదలచుకున్నది క్యాడీల గురించి. మన దేశంలో ఔత్సాహిక గోల్ఫ్ వాళ్ల భుజాల మీద నడుస్తోంది. ఆటగాడికి ఖరీదైన వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాన బూట్లు ఉంటాయి. బ్యాగ్ మోసే కుర్రాడికి చాలా చోట్ల ఒక ప్లాస్టిక్ సంచి తలకు చుట్టుకోవడమే దిక్కు. పిడుగు సైరన్ మోగితే సభ్యులు క్లబ్‌హౌస్‌లోకి పోతారు, బ్యాగులు పట్టుకున్నవాళ్లు ఏ చెట్టు కిందో, రేకుల షెడ్డులోనో నిలబడతారు. ఇది నేను కళ్లారా చూశాను, ఒక్క చోట కాదు. ఇది న్యాయం కాదు.

మన రెండు రాష్ట్రాల్లో, దేశంలో మరెక్కడైనా పోటీలు నడిపే క్లబ్బు కమిటీలకు నాదొక విన్నపం. వచ్చే జూన్ లోపే ఎంట్రీ ఫీజులో కొంత పక్కన పెట్టి ప్రతి క్యాడీకీ మంచి రెయిన్‌కోటు కొనివ్వండి. సైరన్ మోగినప్పుడు క్యాడీలు, గడ్డి కోసే సిబ్బంది కూడా పక్కా భవనంలోకి రావాలని నోటీసుబోర్డు మీద తెలుగులో రాసి పెట్టండి. పోటీ రోజున ఒక మనిషిని వాతావరణ హెచ్చరికలు చూడటానికే కేటాయించండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, పిడుగు ప్రమాదాన్ని ముందుగా చెబుతుంది. ఆటగాళ్లకు నా మాట, ఉరుము వినపడగానే ముందు మీ క్యాడీని లోపలికి పంపి ఆ తర్వాత మీరు వెళ్లండి. వాన మాత్రమే అయితే గొడుగు తీసి ఆట కొనసాగించండి, కార్డు పూర్తి చేసి సంతకం పెట్టి ఇవ్వండి.